దాంతో ఏం పని చేస్తావు?

మా టీచరమ్మ పోయారు. పోయిన నెల ఒక పొద్దున క్లాసుకు బయలుదేరబోతూ, చెప్పులు వేసుకోవడానికి గడప దగ్గర మెట్టు మీద కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిపోయారట. నేను పక్క ఊరు సత్రపట్టిలో, గాయాలకు కట్టే కట్టుగుడ్డలు నేసే కంపెనీ ఆఫీసులో బిల్లులు తీస్తున్నాను. ఆమె దగ్గర నాతోపాటు నేర్చుకున్న సెల్వి ఫోను చేసింది. "అక్కా, టీచరమ్మ లేచి రాలే" అని మాత్రం అంది. "ఎక్కడి నుంచి లేచి రాలే? సరిగ్గా చెప్పి చావు" అని దాని మీద అరిచాను. నాకు భయం వేస్తే ముందు కోపం వస్తుంది. అది ఏడుస్తూనే ఉంది. నేను ఫోను పెట్టేసి, సగం తీసిన బిల్లు పూర్తి చేసి, తాళాలు ఇచ్చేసి బస్సెక్కాను. సగంలో పని వదిలి వచ్చానని తెలిస్తే ఆమె ముఖం అదోలా పెట్టేవారు.

తమిళనాట మా రాజపాళయంలో ఎవరు పోయినా గోడల మీద పోస్టర్లు వేస్తారు. ఆమెకూ వేశాం. ఫొటో దొరకలేదు. ఆమె ఎప్పుడూ ఫొటో తీసేవాళ్ళ వెనక నిలబడే రకం. చివరికి ఒక ఆయుధపూజ నాటి ఫొటోలో, ఎవరి భుజం పక్కనుంచో కనపడుతున్న ముఖాన్ని సెల్వి కత్తిరించి పెద్దది చేసింది. కింద మాటలు మాలో ఒకామె టైపు చేసింది. ఆ పోస్టరు తయారైంది క్లాసులోని పాత కంప్యూటరు మీదే. ఆ సంగతి పోస్టరు చూసినవాళ్ళెవరికీ తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

పాత బస్టాండు వెనక ఒక నూలు అంగడి ఉంది. దాని మేడ మీద ఆమె టైపింగ్ ఇన్‌స్టిట్యూట్. మొదట టైపు మిషన్లు ఉండేవి. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. వచ్చాయంటే కొత్తవి కావు. మిల్లు ఆఫీసుల్లో కొత్తవి దిగినప్పుడల్లా పాతవి, అత్తవారింట్లో ఇమడలేని ఆడపిల్లల్లా, ఈమె దగ్గరికి చేరేవి. ఆమె ఒక్కోదాన్నీ తుడిచి, కొత్త తీగ వేసి, ఒక మూల చోటు చూపించేవారు. స్పిన్నింగ్ మిల్లు షిఫ్టు దిగిన ఆడవాళ్ళు, మంసాపురం నుంచి పొలం పని ముగించుకొని వచ్చేవాళ్ళు, పిల్లల్ని బడికి పంపి వచ్చేవాళ్ళు, అందరూ అక్కడే నేర్చుకున్నారు. తమిళంలో టైపు చేయడం, ఉత్తరం రాయడం, లెక్కల పట్టిక వేయడం, ఇంటర్నెట్టులో అర్జీ పెట్టుకోవడం. నేను మగ్గం మీద ఉన్నదాన్ని. నడుము నొప్పితో ఇక నిలబడలేనని తెలిసిన రోజుల్లో, కంప్యూటరు నేర్చుకుంటే ఆఫీసులో కూర్చోబెడతామని కంపెనీలో అన్నారు. ఆ మేడ మెట్లు అలా ఎక్కాను. నా ఇంట్లో ఈవేళ పొయ్యి వెలుగుతోందంటే అది ఆ మెట్ల పుణ్యమే.

కంప్యూటరు కొనాలనుకునేవాళ్ళు మా ఊళ్ళో ముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు, పెళ్ళికి ముందు జాతకాలు చూపించుకున్నట్టు. ఆమె జాతకమంతా ఒకటే ప్రశ్నలో చూసేవారు.

"దాంతో ఏం పని చేస్తావు?"

చాలామంది, "అందరూ కొంటా ఉండారు టీచర్" అనేవాళ్ళు.

"అందరూ పని కూడా చేస్తా ఉండారా?"

అంతటితో వదిలేవారు కాదు. వచ్చినవాళ్ళను తన పాత మిషన్ ముందు కూర్చోబెట్టేవారు. ఇంట్లో ఏం చేయాలనుకుంటున్నావో అదే ఇక్కడ చెయ్యి, ఒక వారం వచ్చి చెయ్యి, ఎక్కడ అడ్డం తగిలి నిలిచిపోతావో అక్కడ నన్ను పిలువు, అప్పుడు ఏం కొనాలో చెప్తాను అనేవారు. చాలామంది వారమంతా పిలిచేవాళ్ళే కాదు. లెక్కలు రాసుకునేవాళ్ళు, ఉత్తరాలు కొట్టుకునేవాళ్ళు, కొడుకుతో వీడియోలో మాట్లాడుకునే ముసలమ్మలు, ఆ పాత మిషన్ మీదే పని ముగించి లేచేవాళ్ళు. "బండి చిన్నదా పెద్దదా అని చూసేదెందుకు? మోయాల్సింది ఎంత ఉండాదో చూడు" అనేవారు ఆమె. ఈ మాట వినీ వినీ మాకు విసుగొచ్చేది. ఇప్పుడు నేను కూడా అంటున్నాను, నా కూతురికి విసుగొస్తోంది.

మా ఆఫీసు మిషన్ కథ కూడా అంతే. బిల్లు అడిగితే అది ముసలెద్దు లేచినట్టు లేచేది. కంప్యూటర్లు అమ్మే అంగడివాడు వచ్చి రంగురంగుల దీపాలు వెలిగే మిషన్ బొమ్మ చూపించాడు. అది ఆటలు ఆడే పిల్లలకు చేసిందట. మా ముదలాళికి, అంటే కంపెనీ యజమానికి, దీపాలు నచ్చాయి. టీచరమ్మ షేర్ ఆటోలో సత్రపట్టి దాకా వచ్చి, కాసేపు నా పక్కన కూర్చొని చూశారు. లోపల తిరిగే పాత రకం డిస్కు ఉంది, దాన్ని తీసి ఇప్పటి రకం డిస్కు వేయించమన్నారు. మెమరీ కొంచెం పెంచమన్నారు. "కట్టుగుడ్డ బిల్లుకు కల్యాణ మండపం దీపాలెందుకు సార్?" అన్నారు. ముదలాళి కొంచెం ముఖం మాడ్చుకున్నాడు. మిషన్ మాత్రం ఆనాటి నుంచి నా మాట వింటోంది.

ఇలా రాస్తుంటే ఆమె కొత్తదంటేనే పడని మనిషి అనుకుంటారేమో. కాదు. సెల్వి పెళ్ళి వీడియోలు చేస్తుంది. అదీ అందరిలాగే ఆ పాత మిషన్ ముందు కూర్చుంది. వారం కాదు, రెండో రోజుకే తాళి కట్టే చోట వీడియో బిగుసుకుపోయింది. పెళ్ళికొడుకు చేతులు ఎత్తి అలాగే ఉన్నాడు. టీచరమ్మ వెనక నిలబడి చూసి, "నీకు చిన్నది చాల్దు. పెద్దదే కావాల. ఇందులో పిసినితనం చూపినావంటే కళ్ళు పోతాయి, పెళ్ళివాళ్ళ తిట్లూ పడతాయి" అన్నారు. అప్పటికి ఆమె తమ్ముడి కొడుకు కోయంబత్తూరు నుంచి ఒక కొత్త మిషన్ పంపి ఉన్నాడు. చాలా బలమైనది. ఆమె దాన్ని ముచ్చటగా చూసుకున్నారు, కుంకుమ పెట్టారు, పాత పాటలు విన్నారు, అంతే. "ఇది ఈడ కూర్చొని నిద్రపోతా ఉండాది. నువ్వు తీసుకపో" అని సెల్వికి ఇచ్చేశారు. ఇచ్చాక తమ్ముడి కొడుక్కి ఫోను చేసి చెప్పేశారు కూడా. దాచుకోవడం ఆమెకు రాదు. అతను కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆమెకూ తప్పులుండేవి. టైపు మిషన్ మీద పెరిగిన వేళ్ళు కదా, కీబోర్డును కొడితే పక్క వీధికి వినపడేది. ఎన్ని కీబోర్డులు ఆ వేళ్ళ కింద పోయాయో. ఒకసారి కీబోర్డు మురికిగా ఉందని సబ్బునీళ్ళలో నానబెట్టి, వడియాలు ఆరబెట్టినట్టు మేడ మీద ఆరబెట్టారు. అది మళ్ళీ పలకలేదు. "నేనే చంపినా" అని ఆ రోజంతా బాధపడ్డారు. మేం నవ్వితే కోప్పడి, ఆ తరువాత తనూ నవ్వారు.

మాకందరికీ గుర్తుండిపోయింది ఆయుధపూజ సంగతి. మా వైపు ఆ రోజు పనిముట్టు ఏదైనా సరే, మగ్గమైనా, బస్సైనా, కత్తిపీటైనా, కడిగి చందనం కుంకుమ పెట్టి, పేలాలు బెల్లం ముందు పోసి, ఆ రోజుకు దానికి సెలవిస్తాం. ఒక ఏడు మేం భక్తి ఎక్కువై, ఒక్కో మిషన్‌కూ చందనం మెత్తగా, దండిగా మెత్తాం. ఎక్కడ మెత్తాలి? నుదురు ఎక్కడుంటే అక్కడ. మిషన్‌కు నుదురంటే వెలిగించే బొత్తామే కదా. మర్నాడు వచ్చి నొక్కితే ఒక్కటీ వెలగలేదు. చందనం ఎండి బొత్తాలు బిగుసుకుపోయాయి. మాకది తోచలేదు. ముసలి మిషన్లు, అన్నీ ఒక్కసారే పోయాయి, చదువుల తల్లి సరస్వతమ్మకు కోపం వచ్చింది అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒకామె కొత్తవి కొనాలంటే ఎవరిని అడగాలా అని కూడా మొదలుపెట్టింది.

టీచరమ్మ వచ్చి, కొప్పులోంచి పిన్ను తీసి బొత్తాం చుట్టూ గీకారు. ఎండిన చందనం రాలింది. మిషన్ వెలిగింది. అందరం సిగ్గుతో నవ్వాం. ఆమె నవ్వలేదు. ఎలాగూ చేయి పెట్టాను కదా అని పక్క మూత తీసి లోపలికి చూశారు. గాలి తిప్పే చిన్న ఫ్యాను కనపడలేదు. దాని చోట తెల్లటి ముద్ద ఉంది. దూది. మిల్లు నుంచి వచ్చే ఆడవాళ్ళ జుట్టులో, చీరల్లో, ఊరి గాలిలో ఉండే దూదే. ఏళ్ళ తరబడి ఆ మిషన్ దాన్నే పీలుస్తోంది.

"చూడండిమా. ఇది ముసలిదై మెల్లగా పోవడం లే. ఊపిరాడక మెల్లగా పోతా ఉండాది" అన్నారు. "మీ మిల్లులో మీకు దగ్గొస్తే మిమ్మల్ని మార్చి కొత్తవాళ్ళని పెట్టుకున్నట్టే మీరూ చేస్తారా దీనికి?"

దగ్గు వచ్చి మిల్లు మానేసినవాళ్ళు ఆ గదిలో ఉన్నారు. ఆ పూట మెత్తటి బ్రష్షులు తీసుకొని అన్ని మిషన్ల దూదీ మేమే తీశాం. నేను కంపెనీలో మిగిలిన కట్టుగుడ్డ తెచ్చి కిటికీలకు కట్టాను, గాలి వస్తుంది, దూది ఆగుతుంది. అప్పటి నుంచి మా క్లాసులో ఆయుధపూజకు ముందురోజు మూతలు విప్పి లోపల తుడవడం ఒక ఆచారమైంది. చందనం ఒక చుక్కే, అదీ పక్కన.

పోయిన ఏడు అసలు కష్టం వచ్చింది. మా మిషన్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఇక మరమ్మతులు రావని, దాని తరువాతి రకం మా పాత మిషన్ల మీద ఎక్కనే ఎక్కదని అంగడివాడు వచ్చి చెప్పాడు. అన్నీ తీసి పారేయండి, లేదంటే క్లాసు మూసేయండి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్ముకోవడానికి వచ్చినవాడు ఇంకేం చెప్తాడని నోటికొచ్చినట్టు అన్నాను. టీచరమ్మ నన్ను ఆపారు.

"వాడు చెప్పినది అబద్ధం కాదు రాజేశ్వరీ. ఇట్లే నడిపితే గడియ లేని తలుపు పెట్టుకొని ఇంటర్నెట్టులో కూర్చున్నట్టు. ఈ ఆడవాళ్ళ ఆధార్లు, బ్యాంకులు అన్నీ దీంట్లోనే తెరుస్తా ఉండారు. అది నేను చేయను."

కొత్తవి కొనే శక్తి ఆమెకు లేదు, మాకు లేదు. తమ్ముడి కొడుకు కోయంబత్తూరు వచ్చేయమన్నాడు. చాలు అత్తా, ఎంతమందికి చెప్పావు, ఇక కూర్చో అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ వారం ఆమె క్లాసులో చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. ఆమెను ఊరకే కూర్చుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు. క్లాసు మూసేస్తే మాలో సగం మందికి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఇంట్లో కంప్యూటరు లేదు, కొనే రోజు దగ్గరలో లేదు. పెద్ద క్లాసుల్లో ఫీజు కట్టలేరు, ఏసీ గదిలో చదువుకున్న పిల్లల పక్కన నోరు తెరవలేరు.

వారం తరువాత ఆమె లేచారు. ఉచితంగా దొరికే ఇంకో రకం ఆపరేటింగ్ సిస్టం ఉందనీ, అది పాత మిషన్ల మీద కూడా నడుస్తుందనీ, దానికి మరమ్మతులు వస్తూనే ఉంటాయనీ ఎక్కడో చదివారు. ఆ వయసులో కూర్చొని నేర్చుకున్నారు. మొదటిసారి వేస్తే తమిళం కీబోర్డు తలకిందులైంది, ఒక అక్షరం నొక్కితే ఇంకొకటి. రెండోసారి ప్రింటరు అలిగింది. ఒకరోజు పెన్‌డ్రైవు బల్ల మీద కొట్టి, "ముసలిదాన్ని నేనే. మిషన్లు కాదు" అన్నారు. కళ్ళలో నీళ్ళు. నేను టీ తెచ్చి ఇచ్చాను. తాగి, కళ్ళద్దాలు తుడుచుకొని, మళ్ళీ మొదలుపెట్టారు. మూడోసారికి కుదిరింది.

ఆ తరువాత ఆమె చేసిన పని నాకు అప్పుడు వింతగా ఉండింది. మిగిలిన మిషన్లకు తను వేయలేదు. ఒక్కో ఆడమనిషినీ ఒక్కో మిషన్ ముందు కూర్చోబెట్టి, పెన్‌డ్రైవు చేతికిచ్చి, నువ్వే వెయ్యి అన్నారు. "అయ్యో టీచర్, నేను చెడగొట్టేస్తా" అని మొత్తుకుంది మంసాపురం నుంచి వచ్చే వేలమ్మ. "చెడగొట్టు. మళ్ళీ వెయ్యి" అన్నారు. తను మాత్రం చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. ఒకచోట వేలమ్మ తప్పు నొక్కబోతుంటే ఆమె చేయి ముందుకు వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. నేను చూశాను.

"మీరే వేసేస్తే అరపూటలో అయిపోయేది కదా" అన్నాను.

"నా చేయి పడితే అది నా మిషన్. వేలమ్మ చేయి పడితే వేలమ్మది" అన్నారు.

రెండు మిషన్లు ఎంత చేసినా లేవలేదు. వాటి ముందు మొండికేయలేదు ఆమె. "వీటి పని అయిపోయినాది, పోనీండి" అని పంపేశారు. మిగిలినవన్నీ లేచాయి. అవి పరుగెత్తవు, నిజమే. వెలిగే లోపల వేలమ్మ జడ విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. వెలిగాక మాత్రం మేం చేసే పనికి అవి చాలు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె తమ్ముడి కొడుకు నన్ను పిలిచాడు. మంచివాడే. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "అక్కా, అత్త లేకుండా ఆ గది నేను చూడలేను. వేస్టు సామాను కొనేవాడిని పిలిచినాను, రేపు పొద్దున బండి తెస్తాడు. తాళం ఓనరుకి ఇచ్చేస్తాను. ఆ పాత మిషన్లతో ఇంక ఎవరు ఏం చేస్తారు?" అన్నాడు. మేమే నడుపుకుంటాం, అద్దె పంచుకుంటాం అన్నాను. "నేర్పేది ఎవరు?" అని అడిగాడు. నేను లేచి వచ్చేశాను. ఇంటికి పోయి అందరికీ చెప్పాను. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. పొద్దున క్లాసు వేళకు మాత్రం వచ్చేద్దాం అనుకున్నాం. అంతకుమించి ఉపాయమేమీ లేదు.

పొద్దున అతను బండివాణ్ణి వెంటబెట్టుకొని మెట్లెక్కి వచ్చేసరికి, మా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసుకొని మేం లోపల ఉన్నాం. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి కూర్చున్నారు. వేలమ్మ తన పొలం పట్టాకు అర్జీ టైపు చేస్తోంది. సెల్వి ఒకామెకు మెయిలు పంపడం చూపిస్తోంది. ఎవరూ లేవలేదు. అతను గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. బండివాడు సంచి భుజం మార్చుకున్నాడు.

అప్పుడు వాళ్ళ వెనక మెట్ల మీద ఒకామె వచ్చి నిలబడింది. మాకెవరికీ తెలియదు. మిల్లు యూనిఫాంలో ఉంది, చెప్పులు చేతిలో పట్టుకుంది. పోస్టరు చూడలేదో, చూసినా తెలుసుకోలేదో. అతన్నే యజమాని అనుకొని, "సార్, కొత్తవాళ్ళని చేర్చుకుంటారా? నాకు ఏమీ రాదు" అని అడిగింది.

అతను మిషన్ల వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఆమె భయపడి ఒక మెట్టు దిగింది కూడా.

"రాండి. లోపలికి రాండి" అన్నాడు అతను. తరువాత బండివాడి వైపు తిరిగి, మెల్లగా, "నువ్వు పోప్పా" అన్నాడు.

వేలమ్మ లేచి తన కుర్చీ ఇచ్చింది. "నీ పేరులో మొదటి అక్షరం ఏది?" అని అడిగి, అది ఎక్కడుందో చూపించి, తను చేతులు వెనక్కి పెట్టుకుంది. కొత్తామె వేలు చాచి నొక్కింది. అక్షరం వచ్చింది. దాన్ని చూస్తూ ఆమె వేలు ఎత్తడం మరిచిపోయింది. అదే అక్షరం ఒకటి వెనక ఒకటి పరుగెత్తి, వరుస దాటి, ఇంకో వరుస దాటి, తెరంతా నిండిపోయింది. అందరూ నవ్వారు, గుమ్మంలో ఉన్న అతను కూడా. ఆమె మాత్రం నవ్వలేదు. వేలు అలాగే పెట్టుకొని, తెర నిండా నిలబడిన తన పేరు మొదటి అక్షరాన్ని చూస్తూ ఉండిపోయింది.